నా బిడ్డ ఎదురుకాళ్ళతో పుట్టలేదు

మా వాడలో ఎవరికి నడుము పట్టేసినా మా ఇంటికే వస్తారు. చండూరు పక్కన మాది నేతపని వాళ్ళ ఊరు. పొద్దంతా మగ్గం గుంటలోకి కాళ్ళు దించి, వంగి కూర్చుని నేసేవాళ్ళకు నడుము పట్టడం కొత్త సంగతేమీ కాదు. వచ్చినవాళ్ళు మా ఇంటి ముందు చాప మీద బోర్లా పడుకుంటారు. నా కూతురు బడి నుంచి వచ్చి, సంచి పక్కన పెట్టి, ఎడమ కాలితో వాళ్ళ నడుము మీద మెల్లగా తొక్కుతుంది. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే పట్టేసిన నడుము విడుస్తుందని మా దగ్గర నమ్మకం. కొందరికి విడుస్తుంది కూడా. లేచి కూర్చున్నాక పిల్ల చేతిలో చాక్లెట్టు పెట్టి, నా వైపు చూసి అంటారు: "ఆనాడు నువ్వు గట్టిగ నిలవడ్డవు గావట్టి గీ పిల్ల గిట్ల పుట్టింది. లేకుంటే కోసి తీద్దురు."

వాడలో చెప్పుకునే కథ ఇది. కడుపులో బిడ్డ ఉల్టా ఉందని తెలిసి నా భార్య భయపడింది, ఆపరేషన్ చేయించమని ఏడ్చింది. నేను ధైర్యం చెప్పి నల్లగొండ సర్కారు పెద్ద దవాఖానకు తీసుకుపోయి మామూలు కాన్పు చేయించాను. బిడ్డకు కాళ్ళు ముందు వచ్చాయి. ఇందులో బిడ్డ ఉల్టా ఉండటం, పెద్ద దవాఖాన, మామూలు కాన్పు, ఈ మూడే నిజం. మిగతాదంతా నేను పుట్టించిన మాట. నల్లగొండలో ఒక బట్టల దుకాణంలో చీరలు విప్పి చూపించి అమ్మడం నా పని. నేసేది నా భార్య, మాటలు చెప్పేది నేను. అందుకే వాడలో నా మాట నిలిచింది, ఆమె చేసింది మరుగున పడింది. దాన్ని సరిచేయాలని ఇది రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు జరిగిన సంగతి. మాకు అప్పటికే బడికి పోయే కొడుకు ఉన్నాడు. చాలా ఏళ్ళ తర్వాత రెండో కాన్పు. ఎనిమిదో నెలలో చేసిన స్కానింగులో బిడ్డ తల పైన, పిర్రలు కింద ఉన్నాయని తేలింది. "ఫికర్ చెయ్యకుండ్రి, ఇంక టైమున్నది, అదే తిరుగుతది" అంది మా ఊరి ఆశా కార్యకర్త. తొమ్మిదో నెల పడ్డా తిరగలేదు.

ఈ సంగతి తెలిసినప్పటి నుంచి మా అత్తమ్మకు నిద్ర లేదు. ఎదురుకాళ్ళతో పుట్టిన బిడ్డ మేనమామకు గండమని ఆమె భయం. ఆ మేనమామ ఆమెకు ఒక్కగానొక్క కొడుకు, నాకు బావమరిది. మా ఊళ్ళోనే ఆటో నడుపుకుంటాడు. "కోసి తీస్తే కాళ్ళు ముందా తల ముందా అన్న లెక్కనే ఉండదు అల్లుడా. మంచి గడియ చూసి తీపియ్యి" అంది ఆమె. నాకు గండం మీద పట్టింపు లేదు గానీ గడియ మీద ఆశ పుట్టింది. మా దుకాణంలో నాతోపాటు పనిచేసేవాళ్ళు చాలామంది పిల్లలను ముహూర్తానికి తీయించుకున్నవాళ్ళే. పిల్లల జాతకాల గురించి వాళ్ళు చెప్పుకుంటుంటే నేను వింటూ కూర్చునేవాణ్ణి. ఒక ఆదివారం పంతులు దగ్గరికి పోయి ముహూర్తం పెట్టించుకుని, నల్లగొండలోనే ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో ఆపరేషన్‌కు రోజు, గంట ఖాయం చేసుకుని వచ్చాను. ఇంటికి రాగానే పండగ కబురులా చెప్పాను.

నా భార్య రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. చెయ్యి ఆపకుండానే అంది:

"పంతులును అడిగినవ్. దవాఖానోళ్ళను అడిగినవ్. మరి నన్నెప్పుడు అడుగుతవ్?"

"నీ మంచికే గదనే."

"నా కడుపు ఏడ ఆనుతదో ఎరుకేనా నీకు?"

నాకు అర్థం కాలేదు. ఆమె చేతులు నేలకు ఊని లేచి, మగ్గం దగ్గరికి పోయి, గుంట అంచున పక్కవాటుగా కూర్చుని చూపించింది. నేసిన చీర చుట్టుకునే కర్రను మేం దోనె అంటాం. అది నేసేవాళ్ళ ఒడి మీదుగా, పొత్తికడుపుకు ఆనుకుని ఉంటుంది. పోగు తెగినప్పుడల్లా ముందుకు వంగి ముడి వేయాలి. వంగినప్పుడల్లా దోనె అక్కడే ఒత్తుతుంది. ఆమె తోటికోడలు, అంటే మా అన్న భార్య, ఆపరేషన్ తర్వాత ఏడాది గడిచినా గుంటలో ఒక్క పూట కూర్చోలేకపోయింది. చివరికి నేత మానేసి ఇప్పుడు ఇంకొకరికి దారం చుట్టిపెడుతోంది.

"కోత పడేది గీడనే, దోనె ఆనేది గీడనే. బిడ్డకు ముప్పున్నదని డాక్టరమ్మ చెప్తే ఎక్కడ కోసినా నాకు మంచిదే. నీ పంతులు చెప్పిండని మాత్రం కోపిచ్చుకోను" అంది.

ఎన్నో ఏళ్ళుగా ఆమె నేసిన చీరలను "చూడండమ్మా, చెయ్యి పెట్టి చూడండి" అంటూ అమ్ముతున్నాను. ఆ చీర ఆమె ఒంటికి ఎక్కడ ఆనుకుని తయారవుతుందో అప్పటిదాకా చూడలేదు. చూశాక కూడా వెంటనే లొంగలేదు. "సరే, ముందు పెద్ద దవాఖానల చూపెడదాం" అని పైకి అన్నాను. లోపల ముహూర్తాన్ని అలాగే దాచుకున్నాను.

పెద్ద దవాఖానలో కాన్పుల డాక్టరమ్మ నడివయసు మనిషి. కళ్ళద్దాలు తల మీదికి తోసుకుని స్కానింగ్ కాగితం చూసి, "ఏమనుకుంటున్నరమ్మా?" అని అడిగింది.

"ఆపరేషనే మేడం. ఇంట్ల అందరం అనుకున్నం" అన్నాను నేను.

"బిడ్డ మీ కడుపుల ఉన్నదా సారూ?" అని, నా వైపు చూడకుండానే మళ్ళీ ఆమెనే అడిగింది. "మీరు చెప్పుండ్రమ్మా."

నా భార్య అంతకుముందే అన్నీ మనసులో సర్దిపెట్టుకున్నట్టుంది. "కోస్తే నాకేమైతది, బిడ్డకేమైతది? కొయ్యకుంటే నాకేమైతది, బిడ్డకేమైతది? దాచకుండ చెప్పుండ్రి మేడం" అంది.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది. ముందు పైనుంచి చేతులతో బిడ్డను తిప్పి చూడవచ్చు. తిరిగితే తల కిందికి వస్తుంది, చిక్కు తీరినట్టే. తిరగకపోతే రెండు దారులు. కోస్తే బిడ్డకు భయం తక్కువ. తల్లికి కోత, మళ్ళీ కాన్పు వస్తే దాని చిక్కులు. కొయ్యకపోతే తల్లి తొందరగా లేస్తుంది. "కానీ బిడ్డ ఒంట్ల అన్నిటికంటె పెద్దది తల. గిట్ల పుట్టేటోళ్ళకు అది ఆఖరుకు వస్తది. అక్కడ ఆలస్యమైతే బిడ్డకు కష్టం. అది నేను దాచను. మీకు మొదటి కాన్పు మామూలుగనే అయ్యింది, బిడ్డ మరీ పెద్దగ లేదు, కాళ్ళు పైకి మడిచి పిర్రల మీద కూసున్నది. గందుకే రెండు దారులున్నయంటున్న. అందరికీ గిట్ల చెప్పను."

నా భార్య కాసేపు ఆలోచించింది. మా దగ్గర పోగులకు ముందే ముడులు కట్టి, రంగులద్ది, తర్వాత మగ్గానికి ఎక్కిస్తారు. నేసేటప్పుడు పువ్వు ఒక వెంట్రుక వాసి జరిగినా, ఆమె కంగారుగా పోగులు తెంచదు, చూసీచూడనట్టు నేసుకుంటూ పోదు. ఆగి, ఏ పోగు ఎక్కడ వదులైందో వేలితో వెతుకుతుంది. అప్పుడు ఆమె ముఖం ఎలా ఉంటుందో ఆ రోజు డాక్టర్ ముందు అలాగే ఉంది.

"బిడ్డను పట్టేది ఎవరు మేడం? మీరేనా?"

డాక్టరమ్మ నవ్వింది. "నన్ను గీ మాట ఎవ్వలు అడగలేదమ్మా. గిట్ల పుట్టే బిడ్డలను పట్టడం ఎరుకున్నోళ్ళం ఈడ ఇద్దరమే. నేనో, ఇంకో మేడమో ఉంటేనే. ఇద్దరం లేకుంటే ఆపరేషనే. నొప్పులు నిలిచినా, బిడ్డ గుండె చప్పుడు తగ్గినా ఆపరేషనే. అప్పుడు వద్దనొద్దు."

"అననమ్మా. మీరు కొయ్యాలె అన్న గడియనే కొయ్యుండ్రి. మీరు అనకముందు ఎవ్వలు చెప్పినా కొయ్యకుండ్రి." ఆ చివరి మాట నన్ను చూస్తూ అంది.

కొద్ది రోజులకు బిడ్డను తిప్పి చూశారు. గర్భసంచి మెత్తబడటానికి సూది వేసి, బిడ్డ గుండె చప్పుడు వినే మిషన్ పెట్టి, డాక్టరమ్మ రెండు చేతులతో పొట్ట మీద నొక్కుతూ బిడ్డను ఒక పక్కకు జరిపింది. నా భార్య బల్ల అంచు పట్టుకుని పళ్ళ బిగువున ఓర్చుకుంది, అరవలేదు. పొట్టలో గుండ్రంగా ఉన్నది పక్కకు పోవడం నాకు కనబడింది. సగం దాకా పోయి, మళ్ళీ మెల్లగా మొదటి చోటికే వచ్చి కూర్చుంది. ఇంకోసారి చూసి డాక్టరమ్మ చేతులు తీసేసింది. "బిడ్డకు ఇష్టం లేదు. బలవంతం చెయ్యను."

నా భార్య కొంగుతో చెమట తుడుచుకుంది. "తండ్రి పోలిక మేడం. తిరగమన్న దిక్కు తిరగడు."

నర్సులు నవ్వారు. నేనూ నవ్వాను.

నొప్పులు ఒక ఉదయం మొదలయ్యాయి. బావమరిది ఆటో తెచ్చాడు. బయలుదేరే ముందు నేను పెరట్లోకి పోయి పంతులుకు ఫోన్ చేశాను. పెట్టిన ముహూర్తానికి ఇంకా సమయం ఉన్నా, ఆ మధ్యాహ్నం గడియ కూడా మంచిదే అన్నాడు. నర్సింగ్ హోంకు కూడా ఫోన్ చేసి వస్తున్నామని చెప్పాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మునుగోడు దాటాక నొప్పులు దగ్గరపడ్డాయి. ఆమె కళ్ళు మూసుకుని నా భుజానికి ఆనుకుంది. నల్లగొండలో క్లాక్ టవర్ చౌరస్తాకు రాగానే ముందుకు వంగి బావమరిది చెవిలో చెప్పాను:

"ఎడమకు తిప్పు."

"ఎడమకు దవాఖాన లేదు గద బావా."

"నర్సింగ్ హోం ఉన్నది. మాట్లాడిన. తిప్పు."

అతను తిప్పాడు. ఆమె కళ్ళు తెరిచింది.

"ఎటు పోతాంది బండి?"

నేను తల తిప్పి రోడ్డు మీది బండ్లను చూశాను.

"ఆపు తమ్మీ."

ఆటో రోడ్డు నడిమధ్య ఆగింది. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. ఆమె ఇనుప కడ్డీ పట్టుకుని ఒక కాలు కిందికి దించింది. "నువ్వు నీ ముహూర్తానికి పో. నేను నడిచి పోత."

"పిచ్చి లేసిందా నీకు? జనం చూస్తున్నరు."

"చూడనీ. నేను చెప్పిన మాట ఆ డాక్టరమ్మకు యాదికున్నది. నీకే లేదు."

ఆమె గొంతు పెంచలేదు. నొప్పి వస్తున్నా ఆ కాలు నేల మీదే ఉంది. అలా ఎంతసేపైనా నిలబడగలదని నాకు అర్థమైంది. బావమరిది వెనక్కి తిరిగాడు. "గండం నాకు గద బావా. నాకు లేని ఫికర్ నీకెందుకు? కాలు పైన పెట్టక్కా" అని, బండి మళ్ళించి తిన్నగా పెద్ద దవాఖాన దారి పట్టించాడు. ఆ తర్వాత దారంతా ఆమె నాతో మాట్లాడలేదు. కానీ నొప్పి వచ్చినప్పుడల్లా నా మణికట్టే పట్టుకుంది. ఇంకొకరైతే ఆ చేతిని దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు.

డాక్టరమ్మ డ్యూటీలోనే ఉంది. ఆపరేషన్ గది కూడా సిద్ధం చేయించి ఉంచిందని తర్వాత తెలిసింది. బయట బెంచీ మీద నేనూ బావమరిదీ కూర్చున్నాం. మధ్యాహ్నం దాటాక నర్సు వచ్చి నవ్వుతూ చెప్పింది: "ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు. మీ బిడ్డ ముందుగాల పిర్రలు చూపెట్టింది మాకు. ఎన్క కాళ్ళు జారినయ్, ఆఖరుకు తల. మీ ఆమె చెప్పినట్టల్లా చేసింది, నూకమన్నప్పుడు నూకింది, ఆగమన్నప్పుడు ఆగింది. మేడం మెచ్చుకున్నది."

అత్తమ్మకు ఫోన్ చేశాను. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "ఏది ముందొచ్చింది అల్లుడా?"

పిల్లనిచ్చిన అత్తతో పిర్రలు అన్న మాట ఎలా అంటాను? నోరు రాలేదు. "కాళ్ళు" అన్నాను.

"కొయ్యలేదా? అయ్యో, మరెట్ల?"

"నేనే వద్దన్న అత్తమ్మా. మీ బిడ్డ భయపడి ఏడ్సింది. నేనే ధైర్యం చెప్పిన."

మొదటి అబద్ధం సిగ్గుతో వచ్చింది. రెండోదానికి ఆ సాకు కూడా లేదు. ఎందుకు అన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. చౌరస్తాలో నేను ఏమయ్యానో నాకు తెలుసు. ఆ ముఖాన్ని ఇంకో ముఖంతో కప్పుకోవాలని అనిపించి ఉంటుంది. పక్కన బావమరిది చాయ్ గ్లాసు పట్టుకుని అంతా విన్నాడు.

"మంచిగనే చెప్పినవ్ బావా. ఆటో సుత నువ్వే నడిపినవని చెప్పకపోయినవ్?"

అక్క కాపురం అని ఆలోచించి అతను ఆ మాట ఎక్కడా బయట పెట్టలేదు. నేనన్న "కాళ్ళు" అనే ఒక్క మాటకు అతనే శాంతి చేసుకోవలసి వచ్చింది. గిన్నెలో నూనె పోసి అందులో మేనకోడలి ముఖం చూడమంది అత్తమ్మ. పుట్టిన కొన్నాళ్ళ వరకు మా బిడ్డ కడుపులో ఉన్నట్టే కాళ్ళు పైకి మడిచి ముఖం దగ్గర పెట్టుకునేది. నూనెలో అతనికి ముందు కనబడింది కాళ్ళే. "నా కోడలు ముఖం చూపిస్తలేదు, కాళ్ళు మొక్కమంటాంది" అన్నాడు.

బాలింతతనం తీరాక నా భార్య మళ్ళీ మగ్గం ఎక్కింది. అప్పటికే నా కథ వాడంతా తిరిగింది. పిల్ల నిలబడి నడవడం రాగానే నడుము పట్టిన మొదటి మనిషి చాప పట్టుకుని వచ్చాడు. నా భార్య గుంటలోంచి తల ఎత్తి, "తొక్కుడు కాదు, దాని లెక్క ప్రకారమైతే మీ నడుము మీద కూసోవాలె" అంది. అందరూ నవ్వారు. అందులోని అసలు సంగతి నాకొక్కడికే తెలిసింది. తర్వాత ఒకసారి, "అందరి ముంగట నిజం చెప్పకపోయినవ్?" అని నేనే అడిగాను. "నువ్వు కట్టిన ముడి నేనెందుకు ఇప్పాలె? ఇప్పితే ఇద్దరి ఇజ్జత్ పోతది" అంది. అంతకు మించి ఆ విషయం ఎత్తలేదు. నేను మాత్రం దాన్ని అలాగే ఉంచుకున్నాను. అడిగినవాళ్ళకు మళ్ళీ మళ్ళీ చెప్పాను.

ఈ మధ్య ఒక సాయంత్రం, వాడలోని ఒక కుర్రాడు నిండు నెలల భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళ బిడ్డ కూడా ఉల్టా ఉందట. చాప మీద ఒక ముసలాయన బోర్లా పడుకుని ఉన్నాడు, నా కూతురు తొక్కుతోంది. లోపల మగ్గం ఆడుతోంది.

"అన్నా, ఆనాడు వదినెను ఎట్ల ఒప్పిచ్చినవో జర ఈమెకు చెప్పు. ఆపరేషన్ కావాల్నని ఒకటే ఏడుపు. నీ లెక్క నేను సుత గట్టిగ నిలవడ్త" అన్నాడు.

అతని భార్య తల దించుకుని కాలి గోటితో నేల గీస్తోంది. లోపల మగ్గం చప్పుడు ఆగిపోయింది. నేను కట్టిన కథ ఇన్నేళ్ళకు ఒక ఆడపిల్ల మెడకు చుట్టుకోవడానికి వచ్చిందని నాకు అప్పుడు తెలిసింది.

"నేనెవ్వల్ని ఒప్పియ్యలేదు తమ్మీ" అన్నాను. "మీ వదినె ఏడ్వలేదు. ఆపరేషన్ చేపియ్యాల్నన్నది నేను. ముహూర్తం పెట్టిచ్చుకున్నది నేను. డాక్టరమ్మను అన్నీ అడిగి, ఆలోచన చేసుకున్నది ఆమె. నొప్పుల మీద ఉన్నదాన్ని చెప్పకుండ ఇంకో దిక్కు తీసుకపోతుంటే, నడి రోడ్డు మీద బండి ఆపిచ్చుకున్నది. ఇంకో మాట. మా బిడ్డ కాళ్ళతోటి పుట్టలేదు. పిర్రలతోటి పుట్టింది."

చాప మీది ముసలాయన తల ఎత్తాడు. "ఎన్కనే కాళ్ళు వచ్చినయ్ గద. తొక్కు బిడ్డా" అని మళ్ళీ తల వాల్చాడు.

నా భార్య బయటికి వచ్చింది. నా వైపు చూసి, "ఇన్నొద్దులకు నోరు తెరిచినవ్" అని మాత్రం అంది. కుర్రాడు అయోమయంగా ఆమె వైపు తిరిగాడు. "మరి మేమేం చెయ్యాలె వదినె?"

"నన్నడిగితే నాకేమెరుక? నా కడుపు ముచ్చట అప్పటిది. డాక్టరమ్మను అడగుండ్రి. దానికంటె ముందు ఈ పిల్లను అడుగు." ఆమె ఆ పిల్ల పక్కన కూర్చుంది. "నీకెట్లున్నదే?"

ఆ పిల్ల అప్పుడు మొదటిసారి మాట్లాడింది. "నాకు కోపిచ్చుకోవాల్ననే ఉన్నదక్కా. తల ఆఖరుకు వస్తదంటే భయమైతాంది. గీయనేమో నీ లెక్క మామూలుగనే కనాలె అంటడు."

"అయితే గదే చెప్పు డాక్టరమ్మకు. భయమైతాందని సుత చెప్పు. కోపిచ్చుకున్నోళ్ళు ఎవ్వలకేం తక్కువ కాదు. మల్ల మగ్గం ఎక్కినప్పుడు దోనె ఆనకుండ బట్ట ఎట్ల మడిచి పెట్టుకోవాల్నో నేను చూపెడ్త." తర్వాత కుర్రాడితో అంది, "నువ్వు ఆటో ఎక్కినంక నోరు మూసుకొని కూసో."

ఆ పిల్లకు పోయిన నెల ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. తల్లీ బిడ్డా బాగున్నారు. వాళ్ళను తీసుకుపోయింది నా బావమరిదే. చౌరస్తాలో బండి నెమ్మది చేసి, ఎటు పోవాలని వెనక్కి తిరిగి ఆ పిల్లనే అడిగానని చెప్పాడు.